పైడమ్మ వేలిమీద ఆరు దరువులు

రెండు వేల ఇరవై రెండు, శ్రావణమాసం. శ్రీకాకుళం చుట్టూ ఉభాలు, అంటే వరినాట్లు, జోరుగా సాగుతున్న రోజులు. ఆ నెలంతా మా క్లినిక్ మెట్లు బురదగానే ఉండేవి. పొలంలోంచి లేచి కాళ్ళు కడుక్కునీ కడుక్కోకుండానే బస్సెక్కి వచ్చేవాళ్ళు జనం. మందుల దుకాణం పైన రెండు గదుల క్లినిక్ మాది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు, నత్తి ఉన్న పిల్లలకు, వినికిడి లేని పసివాళ్ళకు మాట నేర్పే చోటు. మా మేడమ్ స్పీచ్ పాథాలజిస్టు, అంటే మాటకు వైద్యం చేసే మనిషి. నేను ఆవిడ దగ్గర అసిస్టెంటును. పరీక్షలు పెట్టడం, అభ్యాసాలు చేయించడం, జరిగింది జరిగినట్టు రాసి ఉంచడం నా పని.

జరిగింది జరిగినట్టు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడే ఒక కాలు సన్నబడిపోయింది. మా నాన్నగారు విజయనగరంలో ఒక గుడిలో పాటసేవ చేసేవారు. అక్షరాలు, ఎక్కాలు, స్వరాలు అన్నీ ఆయన పక్కన చాప మీద కూర్చునే నేర్చుకున్నాను. పదో తరగతి ప్రైవేటుగా కట్టి, దూరవిద్యలో డిగ్రీ చేసి, పెళ్ళయిన తరవాత ఈ పనికి కావలసిన ఒక ఏడాది డిప్లొమా చేశాను. కాలు బాగుంటే ఏ దారిన పోయేదాన్నో తెలియదు. ఈ దారిన నడిపించిన అరసవల్లి స్వామికి పొద్దున్నే దీపం పెట్టి ఒక దణ్ణం పెట్టుకుని మరీ పనికి బయలుదేరతాను.

పైడమ్మ గారిని ఆవిడ భర్త ఆటోలో తీసుకొచ్చారు. కళింగపట్నం వెళ్ళే రోడ్డులో, వంశధారకు దగ్గరగా వాళ్ళ ఊరు. మూడెకరాల వరి, రెండు ఆవులు. ఆవిడకు యాభై ఐదు ఉంటాయి. జ్యేష్ఠంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి బలం తగ్గింది, మాట తారుమారైంది. భర్త తవిటినాయుడు గారు బక్కగా, బిడియంగా ఉండే మనిషి. భార్యను గుమ్మం దాకా నడిపించి, తను మాత్రం లోపలికి రాకుండా బయట బల్ల మీద కూర్చునేవారు. "లోపలికి రండి నాయుడు గారూ" అంటే, "నానెందుకమ్మా, అది సదువుకునే కాడ" అనేవారు.

మొదటిరోజు గొడుగు బొమ్మ చూపించాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. తెలుసు, ఆ వస్తువు ఆవిడకు బాగా తెలుసు.

"గొగుడు" అన్నారు. వెంటనే తల అడ్డంగా ఊపుకున్నారు. "గొ… డొగు… ఓలమ్మ, ఏటిది!"

చీపురు చూపిస్తే "పీసురు" అన్నారు. కొబ్బరికాయ "బొక్కరికాయ" అయింది. అన్నీ ఆవిడ చెవికే తప్పుగా వినిపించేవి, మళ్ళీ మొదలుపెట్టేవారు. నాలుగోసారికో అయిదోసారికో "సీపురు" అని సరిగ్గా పడేది. అప్పుడు పందెం గెలిచినంత సంతోషంగా నవ్వేవారు.

దీని వెనక ఏం జరుగుతుందో మా మేడమ్ నాకు విడమరిచి చెప్పారు. మాట నోటికి రాకముందే మనసులో వరసగా కొన్ని పనులు జరుగుతాయి. ముందు అర్థం మెదులుతుంది: వానకు పట్టుకునేది. తరవాత దానికి తగిన మాట దొరుకుతుంది. ఆ తరవాత ఆ మాటకు రూపు కట్టాలి. ఎన్ని దరువుల మాట, అంటే ఎన్ని అక్షరాల మాట, ఏ దరువులో ఏ శబ్దం, ఏది ముందు, ఏది వెనక. ఈ పనినే మా వృత్తిలో ఫొనొలాజికల్ ఎన్‌కోడింగ్ అంటారు. చివరికి ఆ రూపు పెదవులకు, నాలుకకు అందుతుంది. ఇదంతా ఆలోచన కన్నా వేగంగా జరిగిపోతుంది కనుక మనకు తెలియదు. పైడమ్మ గారికి అర్థం చెక్కుచెదరలేదు, మాట దొరుకుతోంది. శబ్దాలను గళ్ళలో పెట్టే చోట దెబ్బ తగిలింది. అందుకే ఉన్న శబ్దాలే చోటు మారి కూర్చుంటున్నాయి.

ఒక వింత నేను అప్పుడే గమనించాను. శబ్దాలు తారుమారైనా ఆవిడ మాటలో దరువుల లెక్క ఎన్నడూ తప్పేది కాదు. గొడుగు మూడు, గొగుడూ మూడే. కొబ్బరికాయ అయిదు, బొక్కరికాయా అయిదే. తాళం వేస్తూ పెరిగినదాన్ని కదా, నా చెవికి అది ముందు అందింది. మేడమ్‌తో చెబితే ఆవిడ సంతోషించి, "అయితే దాన్నే పట్టుకుని నడిపించు" అన్నారు. ఈ పద్ధతిని పేసింగ్ అంటారు. మాట అనబోయే ముందు వేలితో దాని దరువులు కొట్టుకుని, ఒక్కో దరువుకు ఒక్కో అక్షరం నింపుకుంటూ పలకడం.

"పిన్నీ, నోరు తరవాత. ముందు వేలు" అని నేర్పాను. బాగున్న ఎడమ చేతి చూపుడువేలితో మోకాలి మీద కొట్టుకోమన్నాను. రెండు వారాల్లో ఎంత తేడానో! స్వామి దయ అనుకున్నాను. అందులో నా తెలివి కూడా కొంచెం ఉందనుకున్నాను, దాచడమెందుకు.

ఇంకాస్త ముందుకు వెళ్దామని ఆవిడ ఇంట్లోని వస్తువుల ఫొటోలు తెప్పించి కార్డులు చేశాను. చేట, రోకలి, కవ్వం, పలుపు, కోళ్ళకు వేసే తవుడు. వాటితోపాటు ఇంటివాళ్ళ ఫొటోలు. దీన్ని నేమింగ్ టెస్ట్ అంటాం: బొమ్మ చూసి పేరు చెప్పడం. చెబితే ఒకటి, చెప్పకపోతే సున్నా.

కూతురు సుజాత ఫొటో చూసి "జాసుత… సుజాత" అన్నారు. మనవరాలి ఫొటో చూపించగానే కళ్ళనిండా నీళ్ళు. "లితిఖ… లిఖిత, నా తల్లి" అన్నారు. నాలుగేళ్ళ పిల్ల. సుజాతా ఆమె భర్తా హైదరాబాదులో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు. పిల్ల పాలు మరిచిన నాటినుంచి అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది.

తరవాత తవిటినాయుడు గారి ఫొటో.

"ఈయనెవరు పిన్నీ? పేరు చెప్పండి."

ఆవిడ ఫొటోను ఒక్క క్షణం చూసి ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఎడమ చేత్తో కొంగు సర్దుకున్నారు. తలుపు వైపు చూశారు. నోరు మెదపలేదు.

"తెలుసా, తెలియదా?"

మాట లేదు. సున్నా వేశాను. మరో రోజు అడిగాను, మళ్ళీ సున్నా. మూడోసారీ అంతే. తవుడు కార్డు దగ్గర కూడా అలాంటి తడబాటే. చాలాసేపు ఆగి "చిట్టు" అన్నారు. చిట్టు ముతకది, తవుడు మెత్తనిది, రెండూ ఒకటి కాదు కదా అని దానికీ సున్నా వేశాను.

శ్రావణం చివర్లో సుజాత సెలవు పెట్టుకుని వచ్చింది. తల్లి పరిస్థితి మీద రిపోర్టు కావాలంది. పిల్లను అమ్మ దగ్గరే ఉంచాలా, తనతో తీసుకుపోవాలా అన్నది తేల్చుకోవాలి. తీసుకుపోతే ఇద్దరిలో ఒకరు పని మానాలి. నాన్న పగలంతా పొలంలోనే ఉంటాడు, ఇంట్లో పొయ్యి ఉంది, పెరట్లో నుయ్యి ఉంది. ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

రిపోర్టు నేనే రాశాను. మాట మెరుగుపడుతోందని రాశాను. దాని కింద, "భర్తను గుర్తించలేకపోతోంది. ఫొటో చూపిస్తే ముఖం తిప్పుకుంటోంది" అని రాశాను. మూడు సున్నాలు చూసి ఆ వాక్యం రాశాను. ఫారంలో ఉన్నది 'పేరు చెప్పలేదు' అని మాత్రమే. దాన్ని 'గుర్తించలేకపోతోంది' అని మార్చింది నా కలమే.

మేడమ్ ఆ కాగితం చూసి కంగారుపడ్డారు. మాటే కాదు, జ్ఞాపకం కూడా దెబ్బతిని ఉండవచ్చు, న్యూరాలజిస్టుకు మళ్ళీ చూపించాలి అన్నారు. సుజాతతో నెమ్మదిగా, "అంతవరకూ పసిపిల్లను ఆవిడ మీద వదలకపోవడం మంచిదమ్మా" అన్నారు.

"మా నాన్నే గుర్తు నేకపోతే," అంది సుజాత, "రేపు పిల్లని నూతికాడ ఒదిలీసి మర్సిపోద్ది గదండి."

ఈ మాటలన్నీ పైడమ్మ గారి ఎదుటే జరిగాయి. ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నారు, అన్నీ వింటున్నారు. ఉన్నట్టుండి బల్ల మీద ఎడమచేత్తో గట్టిగా చరిచారు. "లితి… లిఖి… కాదు! కాదు! నాకు… నాకు…" మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లేవబోయి తూలారు. నేను పట్టుకుని కూర్చోబెట్టి, ఫైలులో "ఉద్రేకపడుతోంది" అని మరో ముక్క రాశాను. దేవుడు నన్ను క్షమించుగాక.

అది సోమవారం. గురువారం సాయంత్రం ఆమదాలవలసలో రైలు. సుజాతకు, పిల్లకు రెండు టికెట్లు తీశారు.

బుధవారం మధ్యాహ్నం మేడమ్ నాకొక పని అప్పజెప్పారు. కుటుంబం అనుమతితో కొన్ని సెషన్లు ఫోనులో వీడియో తీస్తాం. వాటిలో పైడమ్మ గారి పేసింగ్ బాగా కనిపించే ముక్కలు ఏరమన్నారు, కొత్తగా చేరేవాళ్ళకు చూపించడానికి. పక్కగదిలో ఒక నత్తిపిల్లాడికి పాఠం జరుగుతోంది. వాడికి అడ్డు రాకూడదని ఫోను శబ్దం పూర్తిగా తీసేసి చూడటం మొదలుపెట్టాను.

శబ్దం లేకపోయేసరికి నా కళ్ళకు పెదవులతో పని లేకుండా పోయింది. ఎదురుగా కూర్చున్నప్పుడు పెదవులనే చూడాలని మాకు నేర్పుతారు. చెయ్యి బల్ల కింద మోకాలి మీద ఉండేది, నాకు కనబడేది కాదు. ఫోను మాత్రం పక్కనుంచి తీసింది. దానికి చెయ్యే కనబడింది.

గొడుగు: వేలు మూడుసార్లు. కవ్వం: రెండు. రోకలి: మూడు. లిఖిత: మూడు. అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ముక్కలు ఏరుకుంటూ పోతున్నాను. తరవాత తవిటినాయుడు గారి ఫొటో వచ్చింది. ఆ ముక్క అక్కరలేదని దాటించబోయాను.

వేలు కదిలింది.

ఒకటి, రెండు, మూడు. కాస్త సాగదీసి నాలుగు. అయిదు, ఆరు. అప్పుడు ముఖం తిప్పుకున్నారు.

మళ్ళీ వేశాను. త, వి, టి, నా, యు, డు. నాలుగో దరువు దీర్ఘం, అది కూడా తప్పలేదు. మిగతా రెండు రోజుల వీడియోలు తీశాను. రెండోరోజు ఆరు. మూడోరోజు ఆరు. తవుడు కార్డు వెతికాను. వేలు మూడుసార్లు పడింది, ఆగింది, గుప్పిట ముడుచుకుంది. విప్పి ఈసారి రెండుసార్లు. చిట్టు.

తవుడు అన్న మాట మనసులో పూర్తిగా రూపు కట్టుకుంది. ఆవిడ దాన్ని వెనక్కి పంపి, వేరే మాట తెచ్చుకున్నారు. పక్షవాతం వచ్చి శబ్దాలు చెదిరిపోయిన మనిషి, తను పలకకూడని మాటను పలకకముందే పట్టుకుని ఆపగలిగారు. చెడిపోయిందని నేను రాసిన మనసు అంత జాగ్రత్తగా పనిచేస్తోంది.

మా వైపు బిడ్డలు పుట్టి పుట్టి పోతుంటే, తరవాత పుట్టినవాణ్ణి చేటలో వేసి, గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి, తవిటయ్య అనో తవిటినాయుడు అనో పేరు పెడతారు. నాకు తెలుసు. పాతకాలం ఇల్లాలు మొగుడి పేరు నోట పలకదు, ఆ పేరు తగిలే మాటను కూడా తప్పించుకుంటుంది. అదీ తెలుసు. తెలియడమేమిటి! మా వారి పేరూ అరసవల్లి స్వామి పేరూ ఒకటే. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ ఆ స్వామిని అరసవల్లి స్వామి అన్నాను, ఆదిత్యా అన్నాను. అసలు పేరు పెట్టి ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు. రేషన్ డిపోలో ఇంటాయన పేరు అడిగితే కార్డు తీసి చూపిస్తాను. అలాంటిదాన్ని, ఎదురుగా కూర్చుని ఇంకో ఆడదాన్ని మూడుసార్లు "పేరు చెప్పు" అని అడిగాను. చెప్పనందుకు మతిలేనిదని రాశాను. కుర్చీలో కూర్చుని ఏ గడప దగ్గర నన్ను నేను వదిలేశానో నాకు అర్థం కాలేదు.

మేడమ్‌కు వీడియో చూపించాను. ఆవిడ మూడుసార్లు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ పుట్టి పెరిగింది వేరే రాష్ట్రంలో. మొగుడి పేరు పలకని ఆనవాయితీ గురించి చెప్పాను. అంతా విని, "రాసింది నువ్వు, సంతకం పెట్టింది నేను. రేపు పొద్దున్నే వెళ్ళు" అన్నారు. సుజాతకు ఫోను చేస్తే కలవలేదు.

గురువారం మొదటి బస్సు పట్టుకున్నాను. ఊరి మొదట్లోనే తవిటినాయుడు గారు పొలం గట్టు మీద నారుకట్టలు మోస్తూ కనిపించారు. నన్ను చూసి కట్ట దించారు.

"ఇలగొచ్చినారేటి టీచరమ్మా? ఏటయినాది?"

"నాయుడు గారూ, ఒక్కమాట. పిన్ని ఎప్పుడైనా మీ పేరు పలికారా?"

నేను అడగరానిది అడిగినట్టు ఆయన అటూ ఇటూ చూశారు. "నా పేరా? అదేటమ్మా, అలగడుగుతన్నారు?" మెడ మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "పెళ్ళినాడు గుమ్మంకాడ మా అప్పలు, సెల్లి అడ్డం నిలబడిపోనారు, పేరు సెప్తేగాని లోనికి రానియ్యమని. సెప్పినాది. ఇనబళ్ళేదని మళ్ళీ సెప్పించినారు. అంతే. ముప్పై నాలుగేళ్ళయిపోనాది."

"మరి తవుడును ఏమంటారు?"

"మా ఇంట్లో అది సిట్టేనమ్మా. కోళ్ళకి కూడా తెలుసు." నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

"ఈ సంగతి నాకు ముందే చెప్పలేకపోయారా?"

"మీరు అడగనేదు గదా తల్లీ. నాను బయట కూకున్నాను. మీరు లోన ఏటి అడుగుతన్నారో నాకేటెరుక?" కాసేపు బురదలోకి చూశారు. "అమ్మకి నువ్వు కూడా గుర్తు నేవు నాన్నా అని సుజాత సెప్పినాది. నా సేతి ముద్దే తింటాది గదా, నాను రాకపోతే గుమ్మంకాడే సూస్తాది గదా అనుకున్నాను. గానీ సదువుకున్నోలు కాగితం మీద రాసినారు. కాగితం కన్నా నాకెక్కువ తెలుసునా?"

ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురం నా కాగితం ముందు నోరు మూసుకుంది.

ఇంట్లో సుజాత పిల్ల బట్టలు సంచీలో సర్దుతోంది. పైడమ్మ గారు గోడకు ఆనుకుని, లిఖితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నారు. నన్ను చూసి కళ్ళు దించుకున్నారు. కోపమైనా లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

నేను కూర్చోకుండానే ఫోను తీసి సుజాతకు చూపించాను. "శబ్దం వద్దమ్మా. వేలు చూడు. లెక్కపెట్టు."

ఒకటి, రెండు అని పైకి అంటూ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగి తల ఎత్తింది. "ఇదేటి?"

చెప్పాను. తప్పు నాదేనని, అమ్మ మనసుకు ఏమీ కాలేదని చెప్పాను. ఆమె చేతిలోని గౌను సంచీ మీద పడేసింది. మరుక్షణం తల్లి మీదికి వెళ్ళింది.

"అమ్మా! నీకు నాన్న పేరు తెలుసునా? తెలిసే మాటాడనేదా? మూడు దినాలై గుంటదాని గౌన్లు మడతెడతన్నాను, సూస్తానే ఉన్నావు గదే! ఒక్కమాట సెప్పీస్తే పోయీది గదే! పిల్ల కన్నా నీకా పట్టింపే ఎక్కువైపోనాదా? సెప్పు. ఇప్పుడు సెప్పు. నాకిపుడు ఇనాల!"

వద్దని నేను అడ్డం వెళ్ళేలోపే పైడమ్మ గారు లేచారు. పిల్ల భుజం మీద ఎడమచెయ్యి వేశారు. ముఖమంతా చెమట. వాకిట్లోకి వచ్చి నిలబడ్డ భర్త వైపు ఒక్కసారి చూశారు. పిల్ల భుజం మీద వేలు కదిలింది. ఒకటి, రెండు… ఆరు. నోరు తెరిచారు. నాలుక పంటికి తగిలింది.

"త…"

నలుగురిలో ఒంటిమీది చీర తనే లాగి ఇచ్చేస్తున్న మనిషిలా ఉన్నారు ఆవిడ. పిల్ల కోసం ఇచ్చేస్తున్నారు.

సుజాత అరిచేతిని తల్లి నోటి మీద పెట్టేసింది.

"ఒద్దే. ఒద్దే అమ్మా, సెప్పకు."

అలాగే నోరు మూసి తల్లిని కావలించుకుని ఏడ్చింది. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న లిఖిత, "అమ్మా, నా గౌను నలిగిపోతన్నాది!" అని గోల పెట్టింది. వాకిట్లో తవిటినాయుడు గారు గబగబా వెనక్కి తిరిగి, అవసరం లేకపోయినా ఆవులకు గడ్డి వేయడానికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం రైలు ఎవరూ ఎక్కలేదు. తరవాతి వారం మేడమ్ స్వయంగా కూర్చుని మొదటినుంచీ పరీక్ష చేశారు. ఈసారి పేరు అడగలేదు. పది ఫొటోలు పరిచి, మీ ఇంటాయన్ని చూపించమన్నారు. పొయ్యి వెలిగించి ఆర్పించారు, చెప్పిన పనులు వరసగా చేయించారు, ముందురోజు సంగతులు అడిగారు. అన్నిటికీ సరిగ్గా జవాబిచ్చారు ఆవిడ. పాత రిపోర్టు రద్దుచేసి కొత్తది ఇచ్చాం. కుడిచేతికి బలం వచ్చేదాకా పగటిపూట తవిటినాయుడు గారి చెల్లెలు వచ్చి తోడుండేలా ఏర్పాటు చేసుకుని, సుజాత ఒక్కతే హైదరాబాదు వెళ్ళింది. పిల్ల ఉండిపోయింది. నేను పైడమ్మ గారి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ నా నెత్తిన చెయ్యి పెట్టి, "నీకు… ఏటి తెలుసు" అన్నారు. నాకు తెలుసు పిన్నీ అని చెప్పలేకపోయాను.

అప్పటినుంచి మా క్లినిక్ ఫారంలో మొదటి పేజీ మీద ఒక ప్రశ్న చేరింది: మీ ఇంట్లో నోట పలకని పేర్లు, మాటలు ఉన్నాయా? చదివి కొందరు నవ్వుతారు, కొందరు సిగ్గుపడతారు. చాలామంది ఏదో ఒకటి రాస్తారు. మనసు ఒక మాటకు రూపు కట్టడం ఒక పని, ఆ మాటను పెదవి దాటనివ్వడం వేరే పని అని నేను చదువుకున్నాను. ఆ రెంటికీ మధ్య ఒక మనిషి బతుకంతా నిలబడి ఉండవచ్చని పైడమ్మ గారు నేర్పారు. నోరు మెదపనివాళ్ళ ఎదుట కూర్చున్నప్పుడు ఇప్పుడు నా కలం త్వరగా కదలదు. అందుకు ఆవిడకు, ఆ మధ్యాహ్నం ఫోను శబ్దం తీయించిన స్వామికి రుణపడి ఉన్నాను.

కార్తీకంలో చివరి పరీక్షకు లిఖితను వెంటబెట్టుకుని వచ్చారు. కార్డులు వరసగా చూపిస్తున్నాను. తవిటినాయుడు గారి ఫొటో తీసి పక్కన పెట్టబోతే, పైడమ్మ గారు నా చెయ్యి ఆపి దాన్ని బల్ల మీద పెట్టించారు. పిల్ల అరిచెయ్యి తెరిచి, అందులో వేలితో ఆరుసార్లు కొట్టి, మోచేత్తో పొడిచారు.

"తవిటినాయుడు!" అని అరిచింది పిల్ల. "మా తాత!"

ఫారంలో ఉన్నవి రెండే గళ్ళు, ఒకటి లేదా సున్నా. ఒకటి వేశాను. పక్కన మార్జిన్లో రాశాను: పలికింది మనవరాలు, చెప్పింది పైడమ్మ.